నాడి 34కి పడిపోయింది: పర్మనెంట్ పేస్‌మేకర్ ఇప్పుడే వేయించాలా, ఆగాలా?

ప్రశ్న: మా అమ్మకి 67 ఏళ్ళు. చాలా ఏళ్ళుగా బీపీ, షుగర్ ఉన్నాయి. కిడ్నీ కొంచెం వీక్‌గా ఉందని, క్రియాటినిన్ 1.6 అని పోయినేడు చెప్పారు. బీపీకి అటెనొలాల్, టెల్మిసార్టన్ వాడుతుంది. పోయిన వారం రెండు రోజులు వాంతులు, విరేచనాలు. ఓఆర్‌ఎస్, కొబ్బరి నీళ్ళు తాగిస్తూ ఇంట్లోనే చూసుకున్నాం. బీపీ మాత్రలు మాత్రం మానలేదు. మూడో రోజు పొద్దున బాత్‌రూంలో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే నాడి 34, బీపీ 80/50 అన్నారు. పొటాషియం 6.4, క్రియాటినిన్ 3.2 వచ్చాయి. మెడ దగ్గర్నుంచి తాత్కాలిక పేస్‌మేకర్ వేసి ఐసీయూలో ఉంచారు. ఇప్పుడు ఒక డాక్టరు గారు పర్మనెంట్ పేస్‌మేకర్ వేయించుకోమంటున్నారు. ఇంకొకరు నాలుగు రోజులు ఆగి చూద్దాం అంటున్నారు. థైరాయిడ్ పరీక్ష, తలకి స్కాన్ కూడా చేశారు. గుండె సమస్యకి ఇవన్నీ ఎందుకు? డాలస్‌లో ఉన్న తమ్ముడేమో "లేట్ చేయకండి, వేయించేయండి" అని గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు. ఎవరి మాట వినాలి?
ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం:

మీరు రాసిన వివరాలను బట్టి, ఆగి చూద్దాం అన్న డాక్టరు గారి మాటే నాకు సబబుగా అనిపిస్తోంది. ఈసీజీ నేను చూడలేదు కాబట్టి చివరి మాట నాది కాదు, అమ్మగారి మంచం పక్కన ఉన్నవాళ్ళది. కానీ ఒకటి గమనించండి. తాత్కాలిక పేస్‌మేకర్ ఇప్పటికే ఉంది. గుండె వేగం పడిపోతే అది విద్యుత్ సంకేతం ఇచ్చి గుండెను కొట్టిస్తుంది. అది వేసిందే కారణం వెతకడానికి టైం దొరకాలని. ఆ టైం వాడుకోకుండా పర్మనెంట్ దానికి పరుగెత్తడం ఎందుకు?

నాడి 34 అన్నది జబ్బు పేరు కాదు. మానిటర్ మీద కనిపించే ఆ అంకె వెనక పాతిక కారణాలు ఉండొచ్చు. వాటిలో చాలా మందు ఆపితేనో, రక్తంలో లవణాలు సరిచేస్తేనో, ఇన్ఫెక్షన్ తగ్గితేనో పోయేవే. కొన్నిటికి మాత్రం పేస్‌మేకర్ తప్ప దారి లేదు. అమ్మగారిది ఏ గుంపో తేలాలి.

ముందు గుండె ఎలా కొట్టుకుంటుందో రెండు ముక్కల్లో చెప్తాను. గుండె కుడి పైగదిలో సైనస్ నోడ్ అనే చిన్న భాగం నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పుట్టిస్తుంది. అది పైగదులకీ కింది గదులకీ మధ్య ఉన్న ఏవీ నోడ్ దాటి కిందకి వెళ్తుంది. నాడి నెమ్మదించిందంటే పైన సంకేతం పుట్టడమే తగ్గి ఉండాలి, లేదా పుట్టింది దారిలో ఆగిపోయి ఉండాలి. మొదటిదాన్ని డాక్టర్లు సైనస్ బ్రాడీ అంటారు, రెండోదాన్ని హార్ట్ బ్లాక్ అంటారు. ఈ బ్లాకుకీ, స్టెంట్లు వేసే రక్తనాళాల బ్లాకుకీ సంబంధం లేదు. వార్డుల్లో చుట్టాలు ఈ రెండిటినీ కలిపేసుకుని అనవసరంగా హడలిపోతుంటారు. పూర్తి బ్లాక్ వస్తే కింది గదులు సొంతంగా 30, 40 మధ్య కొట్టుకుంటాయి. కరెంటు పోయాక ఇన్వర్టర్ మీద ఇల్లు నడిచినట్టు అన్నమాట. నడుస్తుంది, కానీ ఎంతసేపో నమ్మకం లేదు.

కాబట్టి డాక్టరు గారిని మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: "వచ్చినప్పుడు తీసిన ఈసీజీలో ఉన్నది సైనస్ బ్రాడీనా, బ్లాకా? బ్లాక్ అయితే ఎన్నో డిగ్రీ?" ఆ మొదటి ఈసీజీ కాగితం చాలా విలువైనది. పేస్‌మేకర్ వేశాక తీసిన ఈసీజీల్లో యంత్రం ఇచ్చే బీట్లే కనిపిస్తాయి, అసలు సంగతి దాని కింద మరుగున పడిపోతుంది. మొదటిదాన్ని ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి.

ఇక అమ్మగారి కథకి వద్దాం. మీ ఉత్తరం చదువుతుంటేనే ఒక వరస కనిపిస్తోంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయింది. అంతకుముందే అంతంతమాత్రంగా ఉన్న కిడ్నీ ఇంకా దెబ్బతింది, క్రియాటినిన్ 1.6 నుంచి 3.2కి పెరగడం దానికి గుర్తే. అటెనొలాల్ బయటికి పోయేది ప్రధానంగా కిడ్నీ ద్వారానే. కిడ్నీ పనిచేయకపోతే వేసుకున్న మాత్ర వేసుకున్నట్టే ఒంట్లో పేరుకుంటుంది. పొటాషియం కూడా మూత్రంలో పోవాల్సిందే, అదీ నిలిచిపోయింది. టెల్మిసార్టన్ రకం మందులు పొటాషియాన్ని ఇంకొంచెం పెంచుతాయి. ఇప్పుడు గుండె మీద రెండు బరువులు పడ్డాయి, అటెనొలాల్ ఒకటి, పొటాషియం ఒకటి. రెండూ గుండె వేగాన్ని తగ్గించేవే. విడివిడిగా అయితే తట్టుకునేదేమో, కలిసేసరికి నాడి 34కి పడింది. నాడి పడితే బీపీ పడుతుంది. బీపీ పడితే కిడ్నీకి రక్తం ఇంకా తగ్గుతుంది. దాంతో మందు ఇంకా పేరుకుంటుంది, పొటాషియం ఇంకా పెరుగుతుంది. ఇలా ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ గంటల్లో మనిషి పడిపోయే స్థితికి వస్తారు.

దీనికి బ్రాష్ (BRASH) సిండ్రోమ్ అని పేరు. 2016లో జోష్ ఫార్కస్ అనే అమెరికా వైద్యుడు పెట్టిన పేరిది. నెమ్మది నాడి, కిడ్నీ దెబ్బ, గుండెను నెమ్మదింపజేసే మందు, బీపీ పడిపోవడం, పొటాషియం పెరగడం, ఈ అయిదింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన మాట. పేరు కొత్తదే గానీ ఇలాంటి పేషెంట్లు కొత్త కాదు. బీపీ, షుగర్, కొద్దిగా కిడ్నీ సమస్య ఉన్న పెద్దవాళ్ళు ఎండాకాలంలో విరేచనాలతో ఐసీయూకి చేరితే ఈ అనుమానం రావాల్సిందే. ఇందులో ఒక చిక్కుంది. పొటాషియం భయంకరంగా పెరగనక్కర్లేదు. సాధారణంగా 3.5 నుంచి 5 దాకా ఉండేది 6 దగ్గరికి వచ్చినా మందుతో కలిసి ఇంత పని చేస్తుంది. అందుకే "పొటాషియం మరీ అంత ఎక్కువ లేదుగా" అని పక్కన పెట్టేస్తే అసలు కారణం చేజారుతుంది.

వైద్యం కూడా దీన్నిబట్టే ఉంటుంది. నాడి పెంచడానికి మామూలుగా మొదట ఇచ్చేది అట్రోపిన్ ఇంజెక్షన్. ఇలాంటివాళ్ళలో అది చాలాసార్లు పనిచేయదు. గుండెను కాపాడడానికి కాల్షియం ఇంజెక్షన్, పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి పంపడానికి గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్, నీరు తగ్గితే సెలైన్, నాడి, బీపీ లేపడానికి అడ్రినలిన్ లాంటి డ్రిప్ ఇస్తారు. కిడ్నీ తేరుకోకపోతే ఒకటి రెండు సార్లు డయాలిసిస్ కావచ్చు. అమ్మగారికి షుగర్ బాగానే ఉన్నా ఇన్సులిన్ ఇస్తున్నారేంటి అని మీకు అనుమానం వచ్చి ఉంటే, సంగతి ఇదీ.

నాలుగు రోజుల లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, కిడ్నీ బాగున్నవాళ్ళలో అటెనొలాల్ ఆరేడు గంటలకి సగానికి తగ్గుతుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళలో ఆ సగానికి రావడానికే 16 నుంచి 27 గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మందు పూర్తిగా వదలాలంటే అలాంటి సగాలు నాలుగైదు గడవాలి. లెక్క వేసుకోండి, మూడు నుంచి అయిదు రోజులు. ఆలోపు క్రియాటినిన్ దిగి, పొటాషియం 5 లోపలికి వచ్చి, తాత్కాలిక పేస్‌మేకర్ వేగం తగ్గించి చూస్తే అమ్మగారి సొంత నాడి 60 పైన నిలబడిందంటే, పర్మనెంట్ పేస్‌మేకర్ అవసరం చాలావరకు తీరిపోయినట్టే.

కొబ్బరి నీళ్ళ మాట కూడా చెప్పాలి. ఒక గ్లాసు కొబ్బరి నీళ్ళలో పొటాషియం 400 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కిడ్నీ బాగున్నవాళ్ళకి ఏమీ కాదు. క్రియాటినిన్ పెరిగినవాళ్ళకి మాత్రం అది ఆరోగ్య పానీయం కాదు. అయితే మీరు తాగించిన కొబ్బరి నీళ్ళ వల్లే ఇదంతా జరిగిందని మాత్రం అనుకోకండి. అసలు బరువు మందుదీ, కిడ్నీదీ. ఇకముందు మానేస్తే చాలు. బీపీకి మంచిదని అమ్మే లో సోడియం ఉప్పు ఇంట్లో వాడుతుంటే అదీ చూడండి. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే.

ఇన్ని పరీక్షలు ఎందుకన్న మీ ప్రశ్న న్యాయమైనదే. కారణం దొరికినట్టు కనిపిస్తున్నా ఇంకొకటి దాని వెనక దాక్కుని ఉండొచ్చు. తల స్కాన్ రెండు కారణాలకి చేసి ఉంటారు. అమ్మగారు బాత్‌రూంలో పడిపోయారు, తలకి దెబ్బ తగిలిందేమో చూడాలి. తలలో రక్తస్రావమై ఒత్తిడి పెరిగినా నాడి నెమ్మదిస్తుంది, కాకపోతే అప్పుడు బీపీ పెరుగుతుంది. అమ్మగారికి బీపీ పడిపోయింది కాబట్టి అది కాకపోవచ్చు, అయినా చూడడం తప్పు కాదు. థైరాయిడ్ బాగా తగ్గినవాళ్ళలో గుండె వేగం తగ్గుతుంది. ముఖం ఉబ్బడం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం వంటివి వయసు వల్లనేలే అని ఏళ్ళ తరబడి వదిలేస్తారు, ఆ సంగతి ఇలా ఐసీయూలో బయటపడుతుంది.

వీటికన్నా ముఖ్యమైనది గుండెపోటు. గుండె కింది గోడకి రక్తం ఆగితే సైనస్ నోడ్‌కీ ఏవీ నోడ్‌కీ రక్తం తగ్గుతుంది. చాలామందిలో ఈ మూడిటికీ రక్తం వెళ్ళేది ఒకే నాళం నుంచి, కుడి కరోనరీ నుంచి. షుగర్ ఉన్న పెద్దవాళ్ళలో, అందులోనూ ఆడవాళ్ళలో, ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. వాంతులు, నీరసం, చెమటలు, నెమ్మది నాడి, అంతే. "గ్యాస్ అనుకున్నాం" అని తర్వాత చెప్పేవాళ్ళు ఎందరో. అమ్మగారి వాంతులు కూడా దాని వల్లేనేమో అన్న అనుమానం తీరాలంటే గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపొనిన్ రక్తపరీక్ష, మళ్ళీ మళ్ళీ ఈసీజీ, గుండెకి చేసే స్కాన్ ఎకో చేసి ఉండాలి. మీ ఉత్తరంలో వాటి మాట లేదు. చేశారా అని అడగండి. ఒకవేళ అదే అయినా, కింది గోడ గుండెపోటుతో వచ్చిన బ్లాక్ సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది, దానికీ వెంటనే పర్మనెంట్ పేస్‌మేకర్ వేయరు.

మీరు చేయగలిగిన అతి పెద్ద సాయం మాత్రం డబ్బుతో పనిలేనిది. ఇంటికెళ్ళి అమ్మగారు వాడే ప్రతి మందూ ఒక సంచిలో వేసుకుని తెచ్చి డాక్టరు గారి ముందు పెట్టండి. చీటీ కాదు, స్ట్రిప్పులు. చీటీలో ఉన్నది ఒకటి, వేసుకునేది ఇంకొకటి కావడం మామూలే. ఒకే మందు రెండు బ్రాండ్ల పేరుతో రెండుసార్లు పడుతూ ఉండొచ్చు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. అది "లాల్" అని ముగిస్తే (అటెనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్, ప్రొప్రనొలాల్) గుండెను నెమ్మదింపజేసేదే. డిల్టియాజెమ్, వెరపామిల్, డిజాక్సిన్, అమియోడరోన్, ఇవాబ్రడిన్, క్లోనిడిన్ కూడా ఆ కోవలోవే. మతిమరుపుకి ఇచ్చే డోనెపెజిల్ కూడా ఈ పని చేస్తుంది, ఇది చాలామందికి తెలియదు.

కంటి చుక్కలు మరిచిపోకండి. గ్లకోమాకి వేసే టిమొలాల్ చుక్కలు కంటి మూలలోంచి ముక్కులోకి దిగి నేరుగా రక్తంలో కలుస్తాయి. చుక్కలే కదా అని ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఇంకా మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు. డైక్లోఫెనాక్ లాంటివి టెల్మిసార్టన్‌తో, పైన విరేచనాలతో కలిస్తే కిడ్నీకి మూడు దెబ్బలు. అమ్మగారు మీకు తెలియకుండా వేసుకుంటూ ఉండొచ్చు. కోప్పడకుండా అడగండి, అప్పుడే చెప్తారు.

ఇప్పుడు మొదటి డాక్టరు గారి వైపు నుంచి కూడా మాట్లాడాలి. ఆయన మాటని డబ్బు కోసం అన్నదిగా కొట్టేయకండి. మందు ఆపాక బ్లాక్ తగ్గినా, కొందరిలో కొన్ని నెలలకో ఏళ్ళకో మందు లేకుండానే మళ్ళీ వస్తుంది. అంటే లోపల తీగ ముందే అరిగి ఉంది, మందు దాన్ని బయటపెట్టింది అన్నమాట. అమ్మగారికి ఇంతకుముందు కూడా కళ్ళు తిరిగి పడిపోవడాలు ఉన్నాయా? పాత ఈసీజీల్లో బండిల్ బ్రాంచ్ బ్లాక్ (కింది గదుల్లోకి సంకేతం వెళ్ళే కొమ్మల్లో అడ్డంకి) అని రాసి ఉందా? ఉంటే ఆయన మాటకి బరువు పెరుగుతుంది. పాత ఫైళ్ళు వెతికి తీసుకెళ్ళండి. పొటాషియం, కిడ్నీ, మందు అన్నీ సర్దుకున్నాక కూడా రెండో డిగ్రీలో మోబిట్జ్ రెండో రకం బ్లాక్ (కొన్ని సంకేతాలు హఠాత్తుగా కిందకి అందకుండా పోయేది) గానీ, మూడో డిగ్రీ బ్లాక్, అంటే పూర్తి బ్లాక్ గానీ మిగిలితే, అప్పుడు అమ్మగారికి ఏ ఇబ్బందీ అనిపించకపోయినా పేస్‌మేకర్ వేయాల్సిందే. అక్కడ ఆగడం మొండితనం. అదే సైనస్ బ్రాడీ అయితే ఇంతకన్నా తగ్గితే వేసెయ్యాలి అనే అంకె ఏదీ లేదు. నాడి నెమ్మదించినప్పుడే కళ్ళు తిరగడం, ఆయాసం వస్తున్నాయని తేలాలి.

అలాగని తాత్కాలిక పేస్‌మేకర్‌ని వారాల తరబడి ఉంచడం కుదరదు. తీగ కదిలిపోవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. కాబట్టి "ఎన్నాళ్ళు ఆగుదాం, ఏం చూసి నిర్ణయిద్దాం" అని ఇద్దరు డాక్టర్లనీ కలిపే అడగండి. రోజూ పొటాషియం, క్రియాటినిన్, పేస్‌మేకర్ తగ్గించినప్పుడు సొంత నాడి ఎంత, ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసి తమ్ముడికి వాట్సాప్ చేయండి. దూరంగా ఉన్నవాడికి టెన్షన్ ఎక్కువ ఉంటుంది, అంకెలు చూస్తే ఫోన్లు కొంచెం తగ్గుతాయి.

వేయాల్సే వస్తే భయపడకండి. ప్రపంచంలో మొట్టమొదట ఒంట్లో అమర్చిన పేస్‌మేకర్ 1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్‌ది. అది కొన్ని గంటలే పనిచేసింది. ఆయన మాత్రం ఆ తర్వాత ఇరవైకి పైగా యంత్రాలు మార్చుకుంటూ 2001 దాకా బతికారు, 86 ఏళ్ళు. ఇప్పటి పేస్‌మేకర్ బ్యాటరీ ఒక్కోటి దాదాపు పదేళ్ళు వస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే ఖర్చు సంగతి ఆసుపత్రిలో ఆ పథకం చూసే ఆరోగ్యమిత్రని ముందే కనుక్కోండి. ఆపరేషన్ అయ్యాక అడిగితే లాభం ఉండదు.

ఇలాంటి ఉత్తరాలే ఇంకొందరు పాఠకులు కూడా రాస్తున్నారు కాబట్టి నాలుగు మాటలు. వేరే దేనికో ఆసుపత్రిలో చేరినవాళ్ళకి రాత్రి నిద్రలో మానిటర్ 45 చూపిస్తూ మోగుతుంటే, లేపినప్పుడు పెరుగుతుంటే, చాలాసార్లు అది మామూలే. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్ళైతే స్లీప్ ఆప్నియా చూడాలి. డెంగీ తగ్గేటప్పుడు కొన్నాళ్ళు నాడి నెమ్మదిగా ఉండి దానంతటదే సర్దుకుంటుంది. నడుముకి మత్తు ఇచ్చిన ఆపరేషన్లలో నాడి పడడం మత్తు డాక్టర్లకి రోజూ ఎదురయ్యేదే, దానికి మందులు చేతిలోనే ఉంచుకుంటారు. పొలంలో మందు కొట్టి వచ్చినవాళ్ళు చొంగ కారుస్తూ, కంటిపాప సూదిమొనంత అయ్యి, నెమ్మది నాడితో వస్తే అది పురుగుమందు విషం. గన్నేరు కాయో ఆకో నాటు మందు పేరుతో లోపలికి పోయినా గుండెకి బ్లాక్ వస్తుంది. వీటిని పరువు కోసమో పోలీసు కేసు భయంతోనో దాచొద్దు. కారణం తెలిస్తే వైద్యం పూర్తిగా మారిపోతుంది.

ఒక్కోసారి నాడి అసలు నెమ్మదించదు, లెక్కే తప్పుతుంది. ప్రతి రెండో బీట్ తొందరపడి వస్తే అది చేతి దగ్గరికి అందదు. వేలికి పెట్టిన యంత్రం 38 అంటుంది, ఈసీజీలో గుండె 76 కొడుతూ ఉంటుంది. వేలి యంత్రం అంకె చూసి ఎవరూ హడావుడి పడకూడదు.

అమ్మగారు ఇంటికి వెళ్ళేటప్పుడు బీపీకి ఏ మందు, ఎంత అన్నది డిశ్చార్జి కాగితం మీద స్పష్టంగా రాయించుకోండి. ఆపేసిన మందుల పేర్లు కూడా విడిగా రాయమనండి. మళ్ళీ వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఏ మాత్రలు ఆపాలి, ఏవి ఆపకూడదు అన్నది కూడా అప్పుడే అడగండి. షుగర్ మాత్రల్లోనూ అలా ఆపాల్సినవి కొన్ని ఉంటాయి. సొంతంగా మాత్రం ఆపొద్దు, కొన్ని గుండె మందులు ఒక్కసారిగా మానేస్తే అదో ప్రమాదం. వారం లోపు పొటాషియం, క్రియాటినిన్ మళ్ళీ చూపించండి. ఇంట్లో మిగిలిన అటెనొలాల్ స్ట్రిప్పులు ఆవిడ ఇంటికి చేరకముందే తీసేయండి. లేకపోతే అలవాటు కొద్దీ మర్నాడు పొద్దున్నే కాఫీ తాగి ఒకటి వేసేసుకుంటారు.